ఈఎంఐ బౌన్స్ కాకుండా డబ్బు ఎప్పుడు వేయాలి, నోటీసు వస్తే ఏం చేయాలి

మీ ఈఎంఐ తారీఖు ఐదు అనుకోండి. ఐదో తారీఖు పొద్దున పదింటికి బ్యాంకుకెళ్లి డబ్బు కడితే చాలనుకుంటారు. చాలదు. అప్పటికే సిస్టమ్ మీ ఖాతా చూసి, డబ్బు లేదని వెనక్కి తిప్పి పంపేసి ఉండొచ్చు. మన ఖాతాలోంచి పోయే డబ్బుకు ఆదివారం, పండగ అడ్డం రావు. మనకు రావాల్సిన చెక్కు డబ్బుకు మాత్రం బ్యాంకు పనిదినం కావాలి. చార్జీలు చాలావరకు ఈ సందులోనే పుడతాయి.

ముందు, ఏది ఎప్పుడు పోతుందో రాసుకోండి

గత మూడు నెలల స్టేట్‌మెంట్ తీసి, వాటంతటవే కట్ అయ్యేవన్నీ ఒక కాగితం మీద పెట్టండి. తారీఖు, మొత్తం, ఏ పద్ధతిలో కట్ అవుతోంది, ఈ మూడూ కావాలి. పద్ధతిని బట్టి గడువు మారిపోతుంది.

నాచ్: మీ లోను ఒక సంస్థలో, ఖాతా వేరే బ్యాంకులో ఉంటే ఈఎంఐ సాధారణంగా ఈ దారినే పోతుంది. పాస్‌బుక్కులో ఏసీహెచ్ అనో నాచ్ అనో ఉంటుంది. లోను సంస్థ ఒకట్రెండు రోజుల ముందే ఫైలు సిద్ధం చేసి పంపుతుంది. గడువు రోజున చాలా బ్యాంకుల్లో పొద్దున్నే ఖాతా చూస్తారు. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వారంలో అన్ని రోజులూ నడుస్తోంది. ఐదో తారీఖు ఆదివారమైనా కట్ అవుతుందనుకునే ఉండాలి. ఇంకో సంగతి, నాచ్‌లో సగం తీసుకోవడం ఉండదు. పది రూపాయలు తగ్గినా మొత్తం వాపసే.

స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్: లోనూ ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే వాడేది ఇది. ఇక్కడ కొంచెం వెసులుబాటు ఎక్కువ. పొద్దున డబ్బు లేకపోతే సాయంత్రం మళ్లీ చూసే బ్యాంకులున్నాయి, ఉన్నంత తీసుకునేవీ ఉన్నాయి. మీ బ్రాంచిలో ఏ పద్ధతో లోన్ల టేబుల్ దగ్గర ఒక్కసారి అడిగి తెలుసుకోండి.

యూపీఐ ఆటోపే: ఓటీటీలు, చిన్న సిప్‌లు, కొన్ని బీమా ప్రీమియంలు. 2025 ఆగస్టు 1 నుంచి వీటిని రద్దీ లేని వేళల్లోనే నడపాలి. అంటే ఉదయం 10లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, రాత్రి 9:30 తర్వాత. ఒకసారి తప్పితే మరో మూడు ప్రయత్నాలు ఉంటాయి కాబట్టి ఇది నాచ్ అంత భయపెట్టదు.

జీతం ఒకటిన పడి ఈఎంఐ రెండున ఉంటే, జీతం ఒక్క రోజు ఆలస్యమైనా మీరు దొరికిపోతారు. లోను తీసుకునేటప్పుడే ఏడు, పది లాంటి తారీఖు అడగండి. నడుస్తున్న లోనుకు మార్పించుకోవాలంటే సాధారణంగా కొత్త మ్యాండేట్ (ఖాతాలోంచి కట్ చేసుకోమని మీరిచ్చే అనుమతి) పెట్టాలి, అది రిజిస్టర్ కావడానికి కొన్ని రోజులు పడుతుంది. పాతది ఆగిందో లేదో చూసుకోకపోతే ఆ నెల రెండుసార్లు కట్ అయ్యే అవకాశం ఉంది.

డబ్బు ఏ దారిన వస్తే ఎప్పుడు చేరుతుంది

యూపీఐ, ఐఎంపీఎస్ వెంటనే పడతాయి, సెలవు ఉండదు. నెఫ్ట్ 2019 డిసెంబర్ 16 నుంచి 24 గంటలూ నడుస్తోంది, అయితే అరగంటకో బ్యాచ్ చొప్పున వెళ్తుంది. కాబట్టి అరగంట, గంట తేడా పెట్టుకోండి. ఆర్‌టీజీఎస్ రెండు లక్షలకు పైమాటే, అదీ ఇప్పుడు రోజంతా ఉంది. కొత్త బెనిఫిషియరీని చేర్చిన మొదటి కొన్ని గంటలు కొన్ని బ్యాంకులు పెద్ద మొత్తాలు పంపనివ్వవు. ఈఎంఐ ముందు రాత్రి తొలిసారి యాడ్ చేసుకుంటే అక్కడే ఇరుక్కుంటారు.

నగదైతే క్యాష్ డిపాజిట్ మెషీన్‌లో వేసిన నిమిషాల్లో కనబడుతుంది. చిరిగిన నోటు, మడత పడ్డ నోటు మెషీన్ తిరిగి ఇచ్చేస్తే ఆ మేరకు తగ్గుతుంది, రసీదు మీద అంకె చూసుకోండి. కౌంటర్లో కడితే క్యాషియర్ ముద్ర వేసిన కౌంటర్‌ఫాయిల్ తీసుకోకుండా కదలొద్దు.

చెక్కు సంగతి వేరు. 2025 అక్టోబర్ 4 వరకు చెక్కులు బ్యాచ్‌ల కింద పోయేవి, డబ్బుకు ఒకటి రెండు పనిదినాలు పట్టేది. ఆ రోజు నుంచి రిజర్వ్ బ్యాంకు పద్ధతి మార్చింది. బ్యాంకు చెక్కును స్కాన్ చేసిన వెంటనే బొమ్మ అవతలి బ్యాంకుకు వెళ్తుంది. అవతలి బ్యాంకు రాత్రి 7లోపు అవుననో కాదనో చెప్పాలి. చెప్పకపోతే అవునన్నట్టే లెక్క. సెటిల్ అయిన గంటలోపు మీ ఖాతాలో వేయాలి. వినడానికి బాగుంది కానీ ఈ గడియారం మీరు చెక్కు ఇచ్చినప్పుడు మొదలవదు, బ్యాంకు స్కాన్ చేసినప్పుడు మొదలవుతుంది. మధ్యాహ్నం డ్రాప్ బాక్సులో వేసిన చెక్కు మర్నాడు స్కాన్‌కి వెళ్తే మీ ఒక రోజు పోయినట్టే. శుక్రవారం సాయంత్రం వేశారు, మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. డబ్బు సోమవారం మాటే.

అందుకని చెక్కు మీద ఆధారపడిన ఈఎంఐకి కనీసం మూడు పనిదినాల ముందు, పొద్దున పూట, కౌంటర్లోనే ఇవ్వండి. అడిగితే రసీదు ఇవ్వాల్సిందే, డ్రాప్ బాక్సు ఉంది కదా అని కాదనడానికి వీల్లేదు. చెక్కు వెనక ఖాతా నంబరు, ఫోన్ నంబరు రాయండి. మీకు చెక్కు ఇచ్చినాయనకు ఒక మాట గుర్తు చేయండి. పెద్ద మొత్తమైతే, ముఖ్యంగా ఐదు లక్షలు దాటితే, ఆయన తన బ్యాంకు యాప్‌లో పాజిటివ్ పే కింద చెక్కు వివరాలు పెట్టాలి. పెట్టకపోతే డబ్బున్నా చెక్కు తిరిగొచ్చే బ్యాంకులున్నాయి. అంకె మీద దిద్దుబాటు ఉన్న చెక్కు తీసుకోవద్దు, పక్కన సంతకం పెట్టినా క్లియరింగ్‌లో చెల్లదు. తారీఖు నుంచి మూడు నెలలు దాటినా అంతే.

బీరువాలో పాత ఆంధ్రా బ్యాంకు చెక్కుబుక్కు ఉంటే అది జ్ఞాపకానికే, ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులూ ఒకసారి చూసుకోవాలి. తెలంగాణలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) బ్రాంచీలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. ఆంధ్రలో నాలుగు బ్యాంకులు కలిసి 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత ఐఎఫ్‌ఎస్‌సీతో ఎవరైనా డబ్బు పంపుతుంటే, పాత ఖాతా మీద మ్యాండేట్ నడుస్తుంటే, బ్రాంచిలో కనుక్కోండి.

పిల్లలు అమెరికా నుంచి పంపే డబ్బుతో ఇంటి లోను కట్టేవాళ్లకు ఇంకో మెలిక. అక్కడి శుక్రవారం రాత్రి అంటే ఇక్కడ శనివారం పొద్దున. రెండు దేశాల్లోనూ వారాంతం మొదలైపోయింది. ఐదో తారీఖుకి కావాల్సింది అంతకు ముందు వారం మధ్యలోనే పంపించమనండి.

కనబడే బ్యాలెన్స్ అంతా మీది కాదు

యాప్‌లో రెండు అంకెలుంటాయి. ఈఎంఐ చూసేది అవైలబుల్ బ్యాలెన్స్‌ని, అంటే ఇప్పుడు వాడుకోగలిగిన డబ్బుని. ఐపీఓకి అప్లై చేస్తే ఆ డబ్బు ఖాతాలోనే ఉంటుంది, కానీ హోల్డ్‌లో ఉంటుంది. జమ చేసి ఇంకా క్లియర్ కాని చెక్కు మొత్తం, ఎప్పుడో బాకీపడ్డ చార్జీ కోసం బ్యాంకు ఆపి ఉంచిన మొత్తం (లీన్), ఇవన్నీ కూడా అంతే.

ఒక లెక్క చూడండి. ఈఎంఐ 11,450. ముందు రాత్రి ఖాతాలో 11,460 ఉంది, పది రూపాయలు ఎక్కువే. ఆ రాత్రే మూడు నెలల ఎస్ఎంఎస్ చార్జీ 15, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 17.70 కట్ అయింది. మిగిలింది 11,442.30. పొద్దున నాచ్ వచ్చింది, 7 రూపాయల 70 పైసలు తక్కువ, వాపసు. బ్యాంకు తన రిటర్న్ చార్జీ 295 వేసింది. లోను సంస్థ తన బౌన్స్ చార్జీ 590 వేసింది. ఏడు రూపాయల డెబ్భై పైసలకి 885.

ఈఎంఐ మీద కనీసం 1,000 ఎక్కువ ఉంచమనేది ఇందుకే. ఈఎంఐలకు విడిగా ఒక ఖాతా పెట్టి, దానికి యూపీఐ, ఏటీఎం కార్డు తగిలించకుండా ఉంచితే ఇంకా నయం. జీతం పడ్డ రోజే ఆ నెల ఈఎంఐల మొత్తం అందులోకి తోసేయండి. ఒకే తారీఖున రెండు మూడు ఈఎంఐలుంటే ఏది ముందు పోవాలో మీరు చెప్పలేరు, మొత్తం కలిపి ఉంచాల్సిందే. గడువు ముందు రోజు రాత్రికల్లా డబ్బు లోపల ఉండాలి.

స్టేట్‌మెంట్లో ఏదో కట్ అయింది, వివరం అర్థం కాలేదు అనుకోండి. ఆ అంకెను 1.18తో భాగించండి. 295 అయితే 250 వస్తుంది, 590 అయితే 500. ఈ రెండూ సాధారణంగా చెక్కు లేదా నాచ్ రిటర్న్. 23.60 అయితే 20, డబ్బు లేకుండా ఏటీఎంలో ప్రయత్నించినందుకు. 27.14 అయితే 23, ఉచిత ఏటీఎం లావాదేవీలు దాటినందుకు. గుండ్రటి అంకె తేలితే అది బ్యాంకు చార్జీయే అనుకోవచ్చు, తేలకపోతే ఎవరో తీసుకున్న డబ్బేమో చూడాలి.

మెసేజ్ వచ్చింది. ఇప్పుడు?

మొదట అది నిజమో కాదో చూడండి. అసలు మెసేజ్ పంపినవారి పేరు చివర గీత పెట్టి ఎస్, టీ, పీ, జీ అనే నాలుగింటిలో ఒక అక్షరం ఉంటుంది. పది అంకెల మొబైల్ నంబరు నుంచి 'మీ ఖాతా ఓవర్‌డ్రా అయింది, ఈ లింకు నొక్కండి' అని వస్తే మోసం. అక్షరం ఉన్నా లింకు నొక్కకండి, యాప్ మీరే తెరిచి చూసుకోండి. ఇప్పటికే నొక్కి డబ్బు పోతే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ వెంటనే బ్యాంకుకూ చెప్పండి. మూడో వ్యక్తి చేసిన మోసంలో మీ తప్పు లేకపోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారి మీద నష్టం పడదు.

నిజమైన బౌన్స్ అయితే ఈ వరసలో వెళ్లండి.

1. ఆ రోజే లోను సంస్థ యాప్‌లోగాని, బ్రాంచిలోగాని ఈఎంఐ కట్టేయండి. ఏజెంటు పంపిన క్యూఆర్‌కి కట్టకండి. రసీదు దాచండి.

2. కట్టే ముందు ఒక ప్రశ్న అడగండి: 'ఈ నెల మళ్లీ ప్రెజెంట్ చేస్తున్నారా, ఏ తారీఖున?' కొన్ని సంస్థలు అదే నెల రెండోసారి, మూడోసారి పంపుతాయి. ప్రతి వాపసుకీ బ్యాంకు మళ్లీ 295 వేస్తుంది. రెండో ఫైలు అప్పటికే పోయి ఉంటే మీరు యాప్‌లో కట్టిందీ, ఖాతాలో కట్ అయ్యేదీ రెండూ అవుతాయి. అప్పుడు ఎక్కువ కట్టినదాన్ని వాపసు ఇవ్వాలా, వచ్చే ఈఎంఐకి సర్దాలా అనేది మెయిల్‌లో రాసి అడగండి, ఫోన్ మాట నిలవదు.

3. బ్యాంకు చార్జీ కూడా పూడ్చండి. ఖాతాలో డబ్బు లేకపోతే ఆ చార్జీ బాకీగా కూర్చుని, తర్వాత పడిన మొదటి డబ్బులోంచి పోతుంది. వచ్చే నెల ఈఎంఐకి సరిగ్గా వేసిన డబ్బులోంచే అది పోయి మళ్లీ బౌన్స్ అవుతుంది. వరసగా మూడు నెలలు బౌన్స్ చూసేవాళ్ల గొలుసు తరచూ ఇక్కడే మొదలవుతుంది.

4. క్రెడిట్ రిపోర్టు. 2025 జనవరి నుంచి లోను సంస్థలు కనీసం పక్షానికోసారి, అంటే 15న, నెలాఖరున ఉన్న పరిస్థితిని పంపుతున్నాయి. ఐదున బౌన్స్ అయి ఏడున కట్టేస్తే 15 నాటికి బాకీ ఉండదు. 20 దాకా లాగితే రికార్డులో ఆ ఆలస్యం రోజులు పడిపోతాయి. 885 మర్చిపోవచ్చు, ఆ గీత కొన్నేళ్లు కనబడుతుంది.

5. లోను సంస్థ వేసినవి విడదీసి చూడండి. బౌన్స్ చార్జీ వేరు, ఆలస్యానికి పీనల్ చార్జీ వేరు. పీనల్ చార్జీని అసలులో కలిపి దానిమీద వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. వచ్చిన కాల్స్ తారీఖు, టైము రాసి పెట్టుకోండి.

మినిమమ్ బ్యాలెన్స్ నోటీసు

దీనికి గాబరా అక్కర్లేదు, గడువు ఉంటుంది. బ్యాలెన్స్ తగ్గిందని బ్యాంకు ముందు చెప్పాలి, సరిచేయడానికి కనీసం నెల ఇవ్వాలి. చార్జీ కూడా ఎంత తగ్గిందో ఆ మేరకే ఉండాలి. ఈ చార్జీ ఒక్కదాని వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఇది 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన. మైనస్ చూపించి, అది కడితేనే ఖాతా మూస్తామంటే ఈ నిబంధన ఎత్తి చూపండి.

చూసేది నెల సగటును. 5,000 సగటు అంటే 30 రోజుల రాత్రి బ్యాలెన్సులు కలిపితే 1,50,000 రావాలి. నెల ఇంకా పది రోజులుండగా గుర్తొచ్చినా, ఆ పది రోజులు 15,000 ఉంచితే సరిపోతుంది. స్టేట్ బ్యాంకు 2020లోనే ఈ చార్జీ ఎత్తేసింది, 2025లో కెనరా, పీఎన్‌బీ, ఇండియన్ బ్యాంకు కూడా అదే దారి పట్టాయి. వాడని ప్రైవేటు బ్యాంకు జీతం ఖాతాలే ఎక్కువగా కుడతాయి. ఉద్యోగం మారి జీతం ఆగితే అవి మామూలు సేవింగ్స్ అయిపోయి మినిమమ్ అడుగుతాయి.

ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) ఉన్నవాళ్లకు

ఎఫ్‌డీ ఉండి కూడా బౌన్స్ కానివ్వడం మాత్రం దండగ. లక్ష ఎఫ్‌డీ మీద సాధారణంగా 90,000 దాకా ఓడీ ఇస్తారు, అంటే ఖాతాలో లేకపోయినా ఆ మేరకు వాడుకోవచ్చు. వడ్డీ ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ, అదీ వాడినంతకే, వాడిన రోజులకే. 20,000 ఆరు రోజులు వాడితే 8 శాతం చొప్పున 26 రూపాయలు. పైన చూసిన 885 పక్కన పెట్టి చూడండి. జన్‌ధన్ ఖాతాకీ 10,000 దాకా ఓడీ ఉంది, అర్హత బ్రాంచి చూస్తుంది.

వ్యాపారానికి ఓడీ, సీసీ (క్యాష్ క్రెడిట్) నడిపేవాళ్లు నెలాఖరున తడబడతారు. లిమిట్ 5,00,000, వాడింది 4,97,000. ఇంకా మూడు వేలు ఉందనుకుని చెక్కు ఇస్తారు. నెల చివర 11 శాతం చొప్పున 30 రోజుల వడ్డీ దాదాపు 4,490 పడుతుంది. ఖాతా 5,01,490కి వెళ్తుంది. ఒకటో తారీఖున చెక్కు 'ఎక్సీడ్స్ అరేంజ్‌మెంట్' (లిమిట్ దాటింది) అని తిరిగొస్తుంది. 28న వడ్డీకి సరిపడా జమ చేసేయడం అలవాటు చేసుకోండి. బ్యాంకుకు ఇచ్చే సరుకు లెక్క (స్టాక్ స్టేట్‌మెంట్) ఆలస్యమైతే డ్రాయింగ్ పవర్, అంటే నిజంగా వాడుకోగలిగిన మొత్తం, తగ్గి, లిమిట్ కాగితం మీదే మిగులుతుంది. వరసగా 90 రోజులు లిమిట్ పైనే ఉన్నా, 90 రోజుల్లో వేసిన వడ్డీకి సరిపడా జమలు లేకపోయినా ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. నోటీసు వచ్చిన రోజే మేనేజర్ని కలవండి, 80వ రోజున కలిస్తే ఆయన చేతిలోనూ ఏమీ ఉండదు.

మీరిచ్చిన చెక్కు తిరిగొస్తే

చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే కాగితం (రిటర్న్ మెమో) అందిన 30 రోజుల్లో అవతలివాళ్లు మీకు లిఖితపూర్వకంగా నోటీసు పంపొచ్చు. మీకు అందిన 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టేస్తే సెక్షన్ 138 (చెక్కు బౌన్స్) కేసు ఉండదు. ఆ 15 దాటితే వాళ్లకు కేసు వేయడానికి ఇంకో నెల ఉంటుంది. పోస్టులో వచ్చిన నోటీసు తీసుకోకుండా వెనక్కి పంపితే గడువు ఆగదు. డబ్బు బ్యాంకు ద్వారా కట్టి, చెక్కు, నోటీసు వెనక్కి అడగండి. డబ్బు లేక నాచ్ తిరిగొచ్చినా, 2007 నాటి చెల్లింపుల చట్టం సెక్షన్ 25 కింద ఇలాంటి కేసే వేయొచ్చు.

తప్పు బ్యాంకుదైతే

ముందు రాత్రి డబ్బుండి కూడా వాపసైతే, చెక్కు స్కాన్ ఆలస్యమైతే, రాసి ఇవ్వండి. పొడుగు అక్కర్లేదు:

'నా ఖాతా చివరి నాలుగు అంకెలు ____. ____ తారీఖు రాత్రి అవైలబుల్ బ్యాలెన్స్ ____ (స్టేట్‌మెంట్ జతచేశాను). మర్నాడు ____ రూపాయల నాచ్ డబ్బు లేదని వాపసైంది. రిటర్న్ చార్జీ ____, లోను సంస్థ వేసిన ____ తిరిగి జమ చేయాలని, వాపసు పొరపాటుగా జరిగిందని లోను సంస్థకు లేఖ ఇవ్వాలని కోరుతున్నాను.'

రెండో కాపీ మీద తారీఖుతో ముద్ర వేయించుకోండి. మెయిల్‌లో పంపితే ఫిర్యాదు నంబరు వచ్చేదాకా చూడండి. లోను సంస్థకు ఇచ్చే ఆ లేఖ డబ్బు కంటే ముఖ్యం, క్రెడిట్ రిపోర్టు సరిచేయించడానికి అదే ఆధారం. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారి) సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448. ముద్ర వేసిన కాపీ ఫోటో అక్కడ జతచేయాలి.